నొప్పి మాత్రల మీద నీ వ్యాసం గురించి

తమ్ముడూ,

వ్యాసం చదివాను. ముందుగా ఆ శీర్షిక తీసెయ్యి. ‘పెయిన్ కిల్లర్ వేసుకుంటే ఎముక అతకదు’ అని చదివిన పెద్దాయన కాలు విరిగినా మాత్ర ముట్టుకోకుండా రాత్రంతా పంటి బిగువున నొప్పి భరిస్తాడు. చదివేవాళ్ళకి టెన్షన్ పెట్టడానికా మనం రాసేది?

వాపు గురించి రెండు వాక్యాలతో సరిపెట్టావు. అసలు విషయం అక్కడే ఉంది. ఎముక విరగగానే ఆ చోట రక్తం చేరి గడ్డకడుతుంది. తెల్లరక్తకణాలు అందులోకి దూరి చచ్చిన కణాలను ఏరేస్తాయి, మూలకణాలను రప్పిస్తాయి. మొదటి కొద్ది రోజుల వాపు, వేడి, సలుపు అన్నీ ఈ పనివల్లే. కాక్స్-2 ఎంజైమ్ తయారుచేసే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు ఆ మూలకణాలు ఎముక కణాలుగా మారడానికి తోడ్పడతాయి. రెండు మూడు వారాలకు మెత్తని మృదులాస్థి విరిగిన కొసలను పట్టుకుంటుంది, తర్వాత అదే గట్టిపడి ఎముక అవుతుంది.

డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు అణిచేది ఈ ఎంజైమ్‌నే. నొప్పి తగ్గేదీ, ఎముక అతకదేమోనన్న అనుమానం పుట్టిందీ అందుకే. కాక్స్-2 జన్యువు లేని ఎలుకల్లో ఎముక సరిగా అతకలేదని 2002లో తేలింది. నువ్వు అక్కడే ఆగిపోయావు. ఎలుకకి జరిగింది మనిషికీ జరుగుతుందని పాఠకుడికి చెప్పే హక్కు మనకు లేదు.

మనుషుల్లో ఏం చూశారో రాయి. తుంటి గిన్నె (తొడ ఎముక తల కూర్చునే గుంట) విరిగి ఆపరేషన్ అయినవాళ్ళకి, ఎముక పెరగకూడని చోట పెరగకుండా ఇండోమెథాసిన్ అనే ఇదే రకం మందు ఇస్తుంటారు. వాళ్ళలో చేతి, కాలి పొడవాటి ఎముకలు కూడా విరిగినవాళ్ళను 2003లో వెలువడిన ఒక అధ్యయనం పరిశీలించింది. ఆరు వారాల పాటు ఆ మందు వాడినవాళ్ళలో 26 శాతం మందికి ఆ ఎముకలు అతకలేదు, వాడనివాళ్ళలో 7 శాతం మందికే. మరోపక్క, ఎముక విరిగిన పిల్లలకి ఐబుప్రోఫెన్ ఇచ్చి చూస్తే అలాంటి తేడా కనపడలేదు. ఏ మందు, ఎంత మోతాదు, ఎన్నాళ్ళు, ఎవరికి? ఈ నాలుగూ లేకుండా ఒక్క వాక్యం కూడా వదలకు.

అదుపులో లేని షుగర్, కీళ్ళవాతం ఉన్నవాళ్ళలో ఏళ్ళ తరబడి రగిలే వాపు ఎముకను అతకనివ్వదు. పొగతాగడమూ అంతే. ఇవి కూడా చేర్చు.

ఇంకొకటి, ఇది తప్పనిసరి. ఆస్పిరిన్ కూడా ఈ రకం మందే; గుండె కోసం రోజూ చిన్న మోతాదులో దాన్ని వేసుకునేవాళ్ళు నీ వ్యాసం చూసి సొంతంగా మానేస్తే ప్రాణం మీదికి వస్తుంది. డాక్టర్‌ని అడగకుండా ఆపొద్దని మొదటి పేరాలోనే రాయి.