బీజెడ్‌సీ ప్రాజెక్ట్‌కు రూ.18 వేలు కట్టాలా?

ప్రశ్న: మా అమ్మాయి మిర్యాలగూడలో బీఎస్సీ బీజెడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) రెండో ఏడాది చదువుతోంది. నీట్ రెండుసార్లు రాసినా సీటు రాలేదు. ఇప్పుడు ఎమ్మెస్సీ చేసి రీసెర్చ్ వైపు వెళ్తానంటోంది. హైదరాబాద్‌లో ఒక ప్రాజెక్ట్ సెంటర్ వాళ్లు 45 రోజులకు రూ.18 వేలు అడుగుతున్నారు. వేపాకు రసం బ్యాక్టీరియాను చంపుతుందా అన్నది టాపిక్. రిపోర్టు, సర్టిఫికెట్, జర్నల్‌లో పేపర్ అన్నీ వాళ్లే చూసుకుంటారట. కట్టమంటారా? సెలవుల్లో బెంగళూరు లాంటి చోట్లకు తీసుకునే స్కీములు ఉన్నాయని వాళ్ల లెక్చరర్ చెప్పారట. ఆడపిల్లను అంత దూరం పంపొచ్చా?
– ఒక తండ్రి, మిర్యాలగూడ

జవాబు: కట్టొద్దండి. ‘అన్నీ వాళ్లే చూసుకుంటారు’ అన్నారు చూడండి, చిక్కంతా అక్కడే ఉంది. ఫీజు తీసుకోవడం తప్పని కాదు. కొన్ని ప్రభుత్వ పరిశోధన సంస్థలు కూడా ప్రాజెక్ట్ విద్యార్థుల దగ్గర ఫీజు తీసుకుంటాయి. అక్కడ పని విద్యార్థి చేతే చేయిస్తారు. ఇలాంటి సెంటర్లు చాలావాటిలో పని ముందే అయిపోయి ఉంటుంది. ఫొటోలు, గ్రాఫులు, రిపోర్టు సిద్ధంగా ఉంటాయి, పేరు మార్చి ఇస్తారు. మీరు చెప్పిన సెంటర్ అలాంటిదే అని నేను అనను. కానీ ఒక్కటి అడిగి చూడండి: ‘మా అమ్మాయి రోజూ తన చేత్తో ఏం చేస్తుంది? అనుకున్న ఫలితం రాకపోతే రిపోర్టులో ఏం రాస్తారు?’ రెండో ప్రశ్నకు ‘రాకపోవడం ఏమిటండీ, గ్యారంటీగా వస్తుంది’ అంటే ఇక మాట్లాడకుండా వచ్చేయండి.

వేపాకు టాపిక్ గురించి కూడా చెప్పాలి. అది చెడ్డదేమీ కాదు, బాగా అరిగిపోయింది. పైగా అందులో ఒక మెలిక ఉంది. ఆకును ఇథనాల్‌లో నానబెట్టి రసం తీస్తారు. బ్యాక్టీరియా పెంచిన అగార్ ప్లేటులో (జెల్లీలాంటి పదార్థం పోసిన గాజు పళ్లెంలో) చిన్న గుంట చేసి ఆ రసం పోస్తారు. చుట్టూ బ్యాక్టీరియా పెరగని ఖాళీ వలయం వస్తే ‘వేపాకు పనిచేసింది’ అని రాసేస్తారు. ఇంటర్వ్యూలో కూర్చున్న ప్రొఫెసర్ అడిగే మొదటి ప్రశ్న, ‘ఒట్టి ఇథనాల్ పోసిన గుంట చుట్టూ ఎంత వలయం వచ్చింది?’ చేతులకు రాసుకునే శానిటైజర్‌లో ఉండేదీ ఆల్కహాలే కదా, వేపాకు లేకపోయినా అది బ్యాక్టీరియాను చంపుతుంది. ఆ ఒట్టి ఇథనాల్ గుంట పెట్టకపోతే మిగతా ప్లేట్లన్నీ దండగ. తన చేత్తో చేసిన పిల్లకు ఇది చెప్పక్కర్లేకుండానే తెలుస్తుంది. రిపోర్టు కొనుక్కున్న పిల్ల అక్కడే నీళ్లు నములుతుంది. ఇక డబ్బు తీసుకుని ఏది పంపినా అచ్చువేసే జర్నల్లో వచ్చిన పేపర్ బయోడేటాలో ఉంటే, విషయం తెలిసినవాళ్ల దగ్గర మార్కులు తగ్గుతాయే తప్ప పెరగవు.

మరి ఏం చేయాలి? మీ ఊళ్లోనే, కాలేజీ ల్యాబ్‌లోనే మొదలుపెట్టొచ్చు. మిర్యాలగూడ అంటేనే రైస్ మిల్లులు. బియ్యానికి పురుగు పట్టకుండా ఇళ్లలో వేపాకో, ఎండుమిర్చో, వావిలాకో వేస్తారు. ఇవి నిజంగా పనిచేస్తాయా, చేస్తే ఏది ఎక్కువ? ఇది డిగ్రీ పిల్లలకు సరిపోయే ప్రశ్న. 20 సీసాలు, ఒక్కోదాంట్లో 100 గ్రాముల బియ్యం, 20 పురుగులు. అయిదు సీసాల్లో వేపాకు, అయిదింట్లో ఎండుమిర్చి, అయిదింట్లో వావిలాకు. మిగిలిన అయిదింట్లో ఏమీ వేయకూడదు. మూతకు బదులు పల్చటి బట్ట, రబ్బరు బ్యాండు. ఖర్చు కొన్ని వందల రూపాయల్లో తేలిపోతుంది.

వినడానికి ఇంతే. చేయడం మొదలుపెట్టాక అసలు పాఠాలు వస్తాయి. కొట్టులో కొన్న బియ్యంలో ముందే గుడ్లు ఉండొచ్చు, అందుకే వారం పాటు ఫ్రీజర్‌లో పెట్టి, తీసి ఆరబెట్టాలి. పచ్చి ఆకు వేస్తే దాని తేమ బియ్యానికి పట్టి పురుగుకే మేలు జరగొచ్చు, నీడలో ఎండబెట్టిన ఆకు తూకం వేసి వాడాలి. పురుగు ఏదో కూడా తేల్చుకోవాలి. భూతద్దం కింద పొడుగాటి ముక్కు, వీపు మీద నాలుగు లేత రంగు మచ్చలు కనిపిస్తే అది ముక్కు పురుగు. ముక్కు లేకుండా ఎర్రగా ఉంటే అది పిండి పురుగు కావచ్చు, దాన్ని ఇందులో కలపకూడదు.

లెక్కపెట్టేటప్పుడు ఇంకో తమాషా. ముక్కు పురుగును కదిలిస్తే కాళ్లు ముడుచుకుని చచ్చినట్టు పడిపోతుంది. తొందరపడి లెక్క రాసుకుంటే బతికున్నవన్నీ చచ్చినవాటిలో చేరిపోతాయి. కొన్ని నిమిషాలు ఆగి, సన్నటి బ్రష్‌తో తాకి, అప్పటికీ కదలకపోతేనే చచ్చినట్టు. అంతటితోనూ పని అయిపోదు. ఆడపురుగు గింజకు చిన్న రంధ్రం చేసి, లోపల గుడ్డు పెట్టి, పైన మూసేస్తుంది. పిల్ల లోపలే తిని పెరిగి, వేడి వాతావరణంలో ఇంచుమించు నెల తర్వాత పెద్ద పురుగుగా బయటికొస్తుంది. కాబట్టి వారం రోజులు చూసి ‘ఏమీ చావలేదు, వేపాకు పనిచేయదు’ అంటే పొరపాటు. పెద్దవి చావకపోయినా గుడ్లు తగ్గి ఉండొచ్చు. పెట్టిన పురుగులన్నీ తీసేసి, మరో నెలన్నర ఆగి, కొత్తగా ఎన్ని వచ్చాయో చూడాలి. ఈ రెండో లెక్క దగ్గరే నిజమైన జువాలజీ ఉంది.

చివరకు వావిలాకు ఏ తేడా చూపకపోయినా ప్రాజెక్ట్ పాడైనట్టు కాదు. ‘తేడా కనబడలేదు, బహుశా ఆకు మోతాదు తక్కువై ఉండొచ్చు’ అని రాసిన పిల్లనే నేనైతే తీసుకుంటాను.

ఒక్కర్తే చేయాల్సిన పని కాదిది. తెలంగాణ ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో ‘జిజ్ఞాస’ పేరుతో విద్యార్థుల స్టడీ ప్రాజెక్టుల పోటీ జరుగుతుంది. పిల్లలు బృందంగా, ఒక లెక్చరర్ ఆధ్వర్యంలో చేస్తారు. మీ అమ్మాయిది ప్రభుత్వ కాలేజీ అయితే జువాలజీ లెక్చరర్‌ను దాని గురించి అడగమనండి. ప్రైవేటు కాలేజీ అయినా ఇద్దరు స్నేహితురాళ్లు, ఒప్పుకునే ఒక లెక్చరర్ దొరికితే చాలు.

నోటుబుక్ విషయంలో మాత్రం మొదటి రోజు నుంచే పట్టుదలగా ఉండమనండి. తేదీ వేసి, ఏ రోజుది ఆ రోజే, పెన్నుతో రాయాలి. తెలుగులో రాసుకున్నా పర్లేదు. తప్పు పడితే వైట్‌నర్ పూయకూడదు. కింద అంకె కనబడేలా ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం పెట్టాలి. ఫార్మా కంపెనీల ల్యాబుల్లో ఇదే పద్ధతి. రేపు పీహెచ్‌డీ వద్దనుకుని షామీర్‌పేట దగ్గర ఫార్మా, బయోటెక్ కంపెనీలుండే జీనోమ్ వ్యాలీలో ఏ క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లోనో చేరినా ఈ అలవాటు ఉపయోగపడుతుంది.

ప్రాజెక్ట్ వల్ల ఏం రాదో కూడా తెలిసి ఉండాలి. తెలంగాణ యూనివర్సిటీల్లో పీజీ సీట్ల కోసం రాసే సీపీగెట్‌లో ప్రాజెక్ట్‌కు మార్కులుండవు, ర్యాంకే మాట్లాడుతుంది. ఐఐటీల్లాంటి చోట్ల ఎమ్మెస్సీ సీటు కోసం రాసే ఐఐటీ జామ్ బయోటెక్నాలజీ పేపర్ కూడా అంతే. రేపు మనసు మారి బీఈడీకో బ్యాంకు పరీక్షలకో వెళ్తానంటే దీంతో పెద్దగా పనుండదు. ఇంటర్వ్యూ ఉన్న చోట, సెలవుల ఫెలోషిప్‌ల దగ్గర, పీహెచ్‌డీ సీటు దగ్గర ఇది అక్కరకొస్తుంది. అందుకని ప్రాజెక్ట్ పేరు చెప్పి సబ్జెక్టు చదువు పక్కన పెట్టనివ్వకండి.

లెక్చరర్ చెప్పిన స్కీముల్లో పెద్దది మూడు సైన్స్ అకాడమీలు కలిసి నడిపే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్. బెంగళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్, ఢిల్లీలోని ఇన్సా (ఇండియన్ నేషనల్ సైన్స్ అకాడమీ), ప్రయాగ్‌రాజ్‌లోని నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ కలిసి దేశంలోని ల్యాబుల్లో రెండు నెలలు పనిచేసే అవకాశం ఇస్తాయి. మీరు కట్టక్కర్లేదు, వాళ్లే స్టైపెండ్ ఇస్తారు. బెంగళూరులోని జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్ అనే సైన్స్ పరిశోధన సంస్థకు విడిగా ఇలాంటిదే ఉంది. వేసవికి కదా అని మార్చిలో వెతికితే లాభం లేదు, అకాడమీల దరఖాస్తులు సాధారణంగా అంతకు ముందు అక్టోబరు, నవంబరుల్లోనే తీసుకుంటారు. మార్కులతో పాటు లెక్చరర్ సిఫార్సు లేఖ, ఏం చేయాలనుకుంటున్నారో ఒక చిన్న రాత అడుగుతారు. ఆ రాతలో ‘చిన్నప్పటి నుంచి సైన్స్ అంటే ప్రాణం’ అని అందరూ రాస్తారు. ‘చచ్చినట్టు నటించే పురుగులను లెక్కపెట్టడం నేర్చుకున్నాను, గింజ లోపల గుడ్డు ఉందో లేదో తెలుసుకునే పద్ధతి నేర్చుకోవాలనుంది’ అని రాసేవాళ్లు తక్కువ. పోటీ గట్టిదే. మొదటిసారి రాకపోతే మళ్లీ ప్రయత్నించాలి, డిగ్రీ చివరి ఏడాది వాళ్లకు అర్హత ఉందో లేదో ఆ ఏటి నోటిఫికేషన్‌లో చూసుకోవాలి.

హైదరాబాద్‌లోనే సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ లాంటి జీవశాస్త్ర పరిశోధన సంస్థలు, తార్నాకలో పోషకాహార సంస్థ, పటాన్‌చెరులో పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఉన్నాయి కదా అంటారేమో. ఉన్నాయి. ప్రాజెక్టులకు ఎక్కువగా పీజీ వాళ్లను తీసుకుంటారు, కాబట్టి డిగ్రీలోనే తలుపులు తెరుచుకోలేదని దిగులు పడక్కర్లేదు. సెప్టెంబరు 26 సీసీఎంబీ మాతృసంస్థ సీఎస్‌ఐఆర్ వ్యవస్థాపక దినం. ఆ రోజుల్లో సీసీఎంబీలో ఓపెన్ డే పెడుతుంటారు. తేదీ కనుక్కుని మీరే వెంట తీసుకెళ్లండి. ల్యాబ్‌లో పనిచేసే పీహెచ్‌డీ అమ్మాయిలతో మీరు కూడా కాసేపు మాట్లాడండి. ‘అంత దూరం పంపొచ్చా’ అన్న మీ ప్రశ్నకు నాకంటే వాళ్లే బాగా జవాబు చెప్పగలరు.

నా మాట అడిగితే, పంపండి. సెలెక్ట్ అయితే ఏ సంస్థ, ఏ సైంటిస్టు దగ్గర అన్నది ముందే రాతపూర్వకంగా తెలుస్తుంది. హాస్టల్ ఇస్తారో లేదో, ఇవ్వకపోతే దగ్గర్లో విద్యార్థినులు ఎక్కడ ఉంటారో సంస్థ ఆఫీసుకే ఫోన్ చేసి కనుక్కోవచ్చు. మొదటిసారి మీరు వెళ్లి దింపి రండి. ల్యాబుల్లో అమ్మాయిలు తక్కువేమీ ఉండరు, రాత్రి పొద్దుపోయేదాకా పని ఉండే రోజులు మాత్రం ఉంటాయి. వాటి గురించి వెళ్లకముందే ఇంట్లో మాట్లాడుకుంటే తర్వాత ఫోన్లలో టెన్షన్ ఉండదు.

ఆ రూ.18 వేలలో కొంత పెట్టి మంచి భూతద్దం, 0.1 గ్రాము దాకా చూపించే చిన్న తూకం మిషను కొనివ్వండి. మిగిలింది బెంగళూరు ఖర్చులకు ఉంచండి.