లీగులో జట్ల సమతూకాన్ని కొలిచేదెలా?

ప్రశ్న: ఒక లీగులో జట్లన్నీ సమ ఉజ్జీలా, లేక ఒకటి రెండు జట్లదే పైచేయా అన్నది అంకెల్లో చెప్పవచ్చా? పాయింట్ల పట్టికలో మొదటి జట్టుకూ ఆఖరి జట్టుకూ ఉన్న తేడా చూస్తే సరిపోదా?

జవాబు: అంకెల్లో తప్పకుండా చెప్పవచ్చు గానీ, మీరు సూచించిన తేడా అందుకు చాలదు. ఒకే ఒక్క జట్టు మరీ బలహీనంగా ఉండి, మిగిలినవన్నీ నువ్వా నేనా అన్నట్టు పోరాడినా ఆ తేడా పెద్దదిగానే కనిపిస్తుంది. అందుకే ఆర్థికవేత్తలు అన్ని జట్ల గెలుపు నిష్పత్తులనూ తీసుకుని, అవి సగటు చుట్టూ ఎంతగా చెదిరి ఉన్నాయో చెప్పే క్రమ విచలనాన్ని లెక్కిస్తారు.

అసలు చిక్కు ఆ తరువాతే మొదలవుతుంది. జట్లన్నీ నిజంగా సమానమైనవే అయి, ప్రతి ఆట ఫలితమూ బొమ్మా బొరుసా వేసినట్టు తేలినా, కొన్ని పైకి వెళ్లడం, కొన్ని కిందికి జారడం తప్పదు. ఆటలు ఎంత తక్కువైతే ఈ అదృష్టం పాలు అంత ఎక్కువ. ఆ మేరకు వచ్చే విచలనం ఎంతో తెలియాలంటే 0.5ను ఒక్కో జట్టు ఆడే ఆటల సంఖ్య వర్గమూలంతో భాగించాలి. 16 ఆటల సీజన్‌లో అది 0.125, అమెరికా బాస్కెట్‌బాల్ లీగు ఎన్‌బీఏలో మాదిరిగా 82 ఆటలుంటే సుమారు 0.055. రెండు లీగుల్లోనూ వాస్తవ విచలనం 0.15 అనుకుందాం. మొదటిదానిలో అది అదృష్టం మాత్రమే తెచ్చే చెదురుకు 1.2 రెట్లు, రెండోదానిలో దాదాపు 2.7 రెట్లు. పైకి ఒకేలా కనిపించే రెండు పట్టికల్లో రెండోదే ఎంతో అసమానమైనదని ఈ నిష్పత్తి చూపుతుంది. ఆర్థికవేత్తలు రోజర్ నోల్, జెరాల్డ్ స్కల్లీల పేర్లతో ప్రసిద్ధమైన ఈ కొలమానం అదృష్టాన్నీ బలాన్నీ విడదీసి చూడడానికి ప్రయత్నిస్తుంది కనుక నాకు ఎంతో విలువైనదిగా తోస్తుంది. అయితే దీని గరిష్ఠ విలువ జట్ల సంఖ్యను బట్టి, ఆటల సంఖ్యను బట్టి మారుతుంది కాబట్టి వేర్వేరు పరిమాణాల లీగులను పోల్చేటప్పుడు జాగ్రత్త అవసరం. డ్రాలు ఎక్కువగా ఉండే ఫుట్‌బాల్‌కు సూత్రాన్ని సవరించుకోవాలి కూడా.

ఇంత చేసినా ఒక్క సీజన్ పట్టిక మొత్తం కథ చెప్పదు. జర్మనీ ఫుట్‌బాల్ లీగు బుందెస్‌లీగాలో 2022-23 సీజన్ ముగిసేసరికి బయర్న్ మ్యూనిక్, డార్ట్‌మండ్ రెండూ 71 పాయింట్లతో సమంగా నిలిచాయి; గోల్స్ తేడాతో మాత్రమే బయర్న్‌కు టైటిల్ దక్కింది. ఇంతకన్నా హోరాహోరీ పోరు ఉండదనిపిస్తుంది గానీ, అది బయర్న్‌కు వరుసగా పదకొండో టైటిల్. ఏళ్ల తరబడి సాగే ఇలాంటి ఆధిపత్యాన్ని పట్టుకోవడానికి హెర్ఫిండాల్ సూచీ పనికివస్తుంది. ఒక్కో జట్టు గెలిచిన టైటిళ్ల వాటాను వర్గం చేసి, అన్నిటినీ కూడితే ఆ సూచీ వస్తుంది. 2012-13 నుంచి 2022-23 వరకు పదకొండు సీజన్లకు బుందెస్‌లీగా సూచీ 1, అంటే పూర్తి ఏకఛత్రాధిపత్యం. అదే కాలంలో ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్ టైటిళ్లను మాంచెస్టర్ సిటీ ఆరు, చెల్సీ రెండు, మాంచెస్టర్ యునైటెడ్, లెస్టర్ సిటీ, లివర్‌పూల్ ఒక్కొక్కటి గెలిచాయి కనుక అక్కడ సూచీ సుమారు 0.36.

హెర్ఫిండాల్ సూచీ విజేతలను మాత్రమే చూస్తుంది. మధ్యలో, అడుగున ఉన్న జట్లకు ఎదిగే అవకాశం ఉందో లేదో తెలియాలంటే ఒక సీజన్ గెలుపు నిష్పత్తులకూ తరువాతి సీజన్ నిష్పత్తులకూ ఉన్న సహసంబంధాన్ని, అంటే ఆ రెండూ ఎంతగా కలిసి నడుస్తాయో చెప్పే సంఖ్యను, లెక్కించండి. అది 1కి దగ్గరవుతున్న కొద్దీ జట్లు ఉన్నచోటే పాతుకుపోయాయని అర్థం. పై డివిజన్‌కు వచ్చిన, కింది డివిజన్‌కు పడిపోయిన జట్లను మాత్రం ఈ లెక్కలో కలపకండి.