నాన్నగారిని నవ్విస్తే ఆయుష్షు పెరుగుతుందా?

ప్రశ్న: అమ్మ పోయి ఎనిమిది నెలలైంది. నాన్నగారికి 71 ఏళ్లు. హెడ్మాస్టరుగా రిటైరై తెనాలిలో ఒక్కరే ఉంటున్నారు. బీపీ, షుగరు ఉన్నాయి. ఇల్లు కదలడం లేదు, అన్నం సగం వదిలేస్తున్నారు. సంతోషంగా ఉండేవారు ఎక్కువ కాలం బతుకుతారని చదివినప్పటి నుంచి రోజూ వీడియో కాల్ చేసి నవ్వించాలని చూస్తున్నాను, ఆయన విసుక్కుంటున్నారు. అన్నయ్యేమో ఇల్లు అద్దెకిచ్చి బెంగళూరు తీసుకెళ్లిపోదామంటున్నాడు. దిగులుతో ఆయన కూడా మాకు దక్కకుండా పోతారేమోనని భయంగా ఉంది.

జవాబు: అమ్మా, మీ భయానికి ఆధారం లేకపోలేదు. బ్రిటన్‌లో భార్యను పోగొట్టుకున్న, 55 ఏళ్లు దాటిన 4,486 మంది మగవారిని తొమ్మిదేళ్ల పాటు గమనించి 1969లో ప్రకటించిన అధ్యయనంలో, తొలి ఆరు నెలల్లో వారి మరణాలు అదే వయసు వివాహితులతో పోలిస్తే 40 శాతం ఎక్కువగా ఉన్నాయని, ఆ తరువాత ఆ తేడా క్రమంగా తగ్గిపోయిందని తేలింది. మీ నాన్నగారు ఆ తొలి ఆరు నెలలూ దాటారు.

అయితే మీరు చదివిన మాటను ఉన్నదున్నట్టు నమ్మకండి. బ్రిటన్‌లోనే ఏడు లక్షలకు పైగా మహిళలను పదేళ్లు పరిశీలించినప్పుడు, ముందే అనారోగ్యంతో ఉన్నవారు దిగులుగానూ ఉన్నారనీ, ఆ అనారోగ్యాన్ని లెక్కలోకి తీసుకుంటే సంతోషానికి ఆయుష్షు మీద విడిగా ప్రభావమేమీ కనిపించలేదనీ 2015లో వెల్లడించారు. అంటే దిగులు వల్ల జబ్బు వచ్చిందో, జబ్బు వల్లనే దిగులుగా ఉన్నారో ముందు తేల్చుకోవాలి. కాబట్టి షుగరుతో పాటు థైరాయిడ్, బి12 కూడా పరీక్ష చేయించండి. ఈ రెండింటిలో ఏది తగ్గినా మనిషి నీరసించి, అచ్చం దుఃఖంలో ఉన్నట్టే కనిపిస్తాడు.

ఈసారి ఊరు వెళ్లినప్పుడు మందుల డబ్బా మీరే తెరిచి చూడండి. నా దగ్గరకు వచ్చిన ఒక పెద్దాయన భార్య పోయాక మూడు నెలలు బీపీ మాత్ర వేసుకోలేదు. ఆవిడ రోజూ కాఫీ గ్లాసు పక్కన మాత్ర తీసి పెట్టేదట. కాఫీ ఆయనే కలుపుకోవడం నేర్చుకున్నాడు గానీ, మాత్రల పట్టీ చింపలేదు. శోకం ప్రాణం మీదికి తెచ్చే దారుల్లో ఇదొకటి, దీన్ని మీరు ఆపగలరు.

ఇక నవ్వించడం మానేయండి. ఆయనకు ఇప్పుడు నవ్వు కన్నా మనుషులు అవసరం. మూడు లక్షల మందికి పైగా వివరాలున్న 148 అధ్యయనాలను 2010లో కలిపి చూసినప్పుడు, నలుగురితో గట్టి సంబంధాలున్నవారు బతికి ఉండే అవకాశం 50 శాతం ఎక్కువని కనిపించింది. మనుషులంటే రోజుకు పదిసార్లు “తిన్నారా?” అని పరామర్శించేవారు కారు. జీవితమంతా పదిమందికి పాఠం చెప్పిన మనిషిని పసిపిల్లవాణ్ణి బుజ్జగించినట్టు బుజ్జగిస్తే విసుక్కోక ఏం చేస్తారు? వీధిలో పదో తరగతి పిల్లలెవరికైనా సాయంత్రం లెక్కలు చెప్పమనండి. మీరు ఫోన్ చేసినప్పుడు అమ్మ ప్రస్తావన దాటవేయకండి, ఆవిడ గురించి ఆయన చెప్పేది వినండి.

బెంగళూరు మాట ఇప్పుడే వద్దు. భార్యను పోగొట్టుకున్న ఏడాదిలోనే అరుగు మీది స్నేహితులను, తెలిసిన డాక్టరును, అలవాటైన వీధిని కూడా పోగొట్టుకోవడం ఆ వయసులో చిన్న దెబ్బ కాదు. పదిహేను రోజులు చుట్టపుచూపుగా వెళ్లి రమ్మనండి, ఇంటి తాళం మాత్రం ఆయన జేబులోనే ఉండాలి.

“నేనూ పోతే బాగుండు” అన్నా, నిద్ర, తిండి ఇంకా తగ్గుతున్నా, దాన్ని మామూలు దుఃఖమని సరిపెట్టుకోక వెంటనే మానసిక వైద్యులకు చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ అయిన టెలీ మానస్ 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

అమ్మగారి సంవత్సరీకానికి ఇంకా నెలలున్నాయి. ఆ ఏర్పాట్ల పెత్తనం ఆయనకే వదలండి. ఎవరిని పిలవాలో, వంటకు ఎవరిని మాట్లాడాలో, ఆవిడకు ఇష్టమైనవి ఏమేం చేయించాలో ఆయన చేతే కాగితం మీద రాయించండి. తొందరపడి మీరు ఫోన్‌లో టైపు చేసేయకండి.