పాత ఫ్లాటు కొనేముందు ఎవరి చేత తనిఖీ చేయించాలి?

ప్రశ్న: కూకట్‌పల్లిలో 2006లో కట్టిన ఐదంతస్తుల అపార్ట్‌మెంటులో, అన్నిటికన్నా పైనున్న అంతస్తులో రెండు పడకగదుల ఫ్లాటు కొనాలనుకుంటున్నాం. అమ్మేవారు ఈమధ్యే రంగులు వేయించారు. చూడడానికి ఇల్లు బాగానే ఉంది. రుణం ఇచ్చే బ్యాంకు ఎలాగూ తమ ఇంజనీరును పంపుతుందట. అయినా బయానా ఇచ్చేలోపే మనం విడిగా ఒక ఇంజనీరుకు చూపించాలని మా అన్నయ్య పట్టుబడుతున్నారు. ఆ ఖర్చు అవసరమేనా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అవసరమేనమ్మా. బ్యాంకు పంపే వాల్యూయర్ (ఆస్తికి విలువ కట్టే ఇంజనీరు) చూసేది వేరు, మీరు తెలుసుకోవలసింది వేరు. అప్పు తీరకపోతే ఈ ఆస్తిని అమ్మినప్పుడు బ్యాంకుకు ఎంత వస్తుంది, కట్టడం మంజూరైన ప్లాను ప్రకారం ఉందా, విస్తీర్ణం కాగితాలతో సరిపోతుందా అన్నవి ఆయన ప్రధానంగా చూస్తారు. స్నానాల గది నేల కింద నీరు చేరుతోందా, స్లాబులో ఇనుము తుప్పు పట్టిందా అని తరచి చూడడం సాధారణంగా ఆయనకు అప్పగించిన పని కాదు.

ఇల్లు కొత్తదైతే చట్టం కొంత అండగా ఉండేది. 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం 14వ సెక్షన్ ప్రకారం, ఫ్లాటు అప్పగించిన నాటినుంచి 5 ఏళ్ళలోపు నిర్మాణ లోపం బయటపడి, దాన్ని బిల్డరు దృష్టికి తెస్తే, ఆయన 30 రోజుల్లో సొంత ఖర్చుతో సరిచేయాలి. ఆ చట్టం వర్తించే ప్రాజెక్టుల్లో, మొదటి యజమాని దగ్గర కొన్నవారికి కూడా ఈ హక్కు సంక్రమిస్తుంది. 2006 నాటి కట్టడానికి ఆ ఆశ లేదు కనుక, కొన్న తరువాత బయటపడే లోపాల భారం దాదాపుగా మీ మీదే పడుతుంది.

అమ్మకానికి ముందు వేసిన కొత్త రంగు నన్నెప్పుడూ కొంచెం కలవరపెడుతుంది. అందరూ మోసానికే వేయిస్తారని కాదు గాని, చెమ్మ మరకలనూ సన్నని బీటలనూ పుట్టీ కొన్ని నెలలపాటు చక్కగా దాచగలదు. మీది పై అంతస్తు కాబట్టి ఫాల్స్ సీలింగ్ ఉంటే దానిలో ఒకటి రెండు పలకలు తీయించి స్లాబు అడుగు భాగాన్ని చూడనివ్వమని అడగండి. వీలైతే నాలుగైదు రోజులు వానలు కురిసిన తరువాత తనిఖీ పెట్టించుకోండి. తేమను కొలిచే మీటరు రంగు కింద ఉన్న చెమ్మను కూడా చాలావరకు పట్టిస్తుంది.

ఫ్లాటు కొనేవారు ఎక్కువగా ఫ్లాటు లోపలే తిరుగుతారు. అసలు జబ్బు మాత్రం తరచుగా టెర్రస్ మీదా సెల్లార్‌లోనూ ఉంటుంది. టెర్రస్ మీద నీరు నిలిచే చోట్లు, ఓవర్‌హెడ్ ట్యాంకు కింది బీములు, పైపులు స్లాబును దాటే సందులు తప్పక చూడాలి. సెల్లార్‌లో పిల్లర్ల వెంట నిలువు పగుళ్ళు, పెచ్చులూడిన చోట్ల బయటపడిన ఎర్రని కడ్డీలు కనిపిస్తే తేలికగా తీసుకోకూడదు. తుప్పు అసలు ఇనుముకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి పైనున్న కాంక్రీటు పగిలి ఊడుతుంది. అలాంటి చోట సిమెంటు పూసి రంగు వేస్తే అది మరమ్మతు అనిపించుకోదు.

కాంక్రీటు గట్టిదనాన్ని చూడడానికి చాలామంది రీబౌండ్ హ్యామర్ (కాంక్రీటును తట్టి, దెబ్బ ఎంత వెనక్కి ఎగురుతుందో కొలిచే పరికరం) తెస్తారు. అది పైపొర గట్టిదనాన్నే చెబుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కాలక్రమాన పాత కాంక్రీటు పైపొర గట్టిపడుతుంది కనుక, ఉన్న బలాన్ని మించి ఆ అంకె కనిపించవచ్చు. ఆ ఒక్క పరీక్షతో సరిపెట్టక, అనుమానమున్న చోట్ల, ధ్వని తరంగాలను కాంక్రీటు లోపలికి పంపి చూసే అల్ట్రాసోనిక్ పరీక్ష కూడా చేయమనండి. పిల్లర్ల మీద పరీక్షలకు ఫ్లాటు యజమానుల సంఘం అనుమతి కావాలి. ఇక టైల్స్ కింద బోలుతనం, డ్రెయిన్ల వాలు, ఎర్తింగ్, కరెంటు లీకైతే సరఫరాను వెంటనే ఆపే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చి పనిచేస్తోందా లేదా అన్నవి ఆ పూటలోనే తేలిపోతాయి.

అమెరికాలోని టెక్సస్ వంటి రాష్ట్రాల్లో ఇళ్ళ తనిఖీకి లైసెన్సు తప్పనిసరి. మన దగ్గర అలాంటి ప్రత్యేక లైసెన్సు లేదు. అందువల్ల అనుభవమున్న స్ట్రక్చరల్ ఇంజనీరును మీరే ఎంచుకుని, ఫీజు మీరే ఇచ్చి, ఫొటోలతో రాతపూర్వకమైన నివేదిక తీసుకోండి. మధ్యవర్తి తెచ్చిన మనిషి వద్దు. మరమ్మతులు కూడా తానే చేస్తానని ముందుకొచ్చే సంస్థ అయితే, దాని నివేదికను మరొకరికి చూపించండి. తనిఖీకి ముందే బయానా ఇవ్వక తప్పని పరిస్థితి వస్తే, నివేదికలో పెద్ద నిర్మాణ లోపం తేలితే సొమ్ము పూర్తిగా వాపసు ఇవ్వాలన్న షరతును అగ్రిమెంటులో రాయించుకోండి.

ప్రశ్న: కాకినాడలో 1998లో కట్టించిన మా డాబా ఇల్లు అమ్మాలనుకుంటున్నాను. ముందుగా తనిఖీ చేయించమని మా అబ్బాయి అంటున్నాడు; లోపాలు మనమే తవ్వుకోవడమెందుకని బ్రోకరు అంటున్నాడు. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: మీ అబ్బాయి మాటే వినండి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం, కొనేవారు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపం అమ్మేవారికి తెలిసి ఉంటే దాన్ని చెప్పి తీరాలి. చెప్పకపోవడాన్ని ఆ చట్టమే మోసంగా పరిగణిస్తుంది. మీ బ్రోకరు సలహా వెనక, తెలియకపోతే చెప్పనక్కరలేదన్న లెక్క ఉన్నట్టుంది. సొంత ఇంట్లో ఇన్నేళ్ళు ఉన్న మనిషికి వంటగది స్లాబు పెచ్చులూడిన సంగతి తెలియదంటే నమ్మేవారు తక్కువ.

సముద్రపు గాలిలోని ఉప్పు కాంక్రీటులోకి దిగి కడ్డీలను తినేస్తుంది కాబట్టి, మీ ఊళ్ళో, ఆ ఉప్పు ఎంత చేరిందో చెప్పే క్లోరైడ్ పరీక్ష చేయించడం మంచిది. నివేదికతోపాటు మరమ్మతు ఖర్చు అంచనా కూడా రాయించుకోండి. అది మీ చేతిలో ఉంటే బేరం ఆ ఖర్చు చుట్టూనే తిరుగుతుంది. లేకపోతే ఒక్క బీటను చూపించి కొనేవారు తమకు తోచినంత తగ్గించమంటారు. చిన్నచిన్న లీకులు ముందే బాగు చేయించండి. స్లాబు మరమ్మతు మాత్రం కొనేవారితో మాట్లాడాకే మొదలుపెట్టండి. పాత ఇంటిని పడగొట్టి కొత్తగా కట్టుకోవాలని వచ్చేవారు ఆ ఖర్చుకు విలువ కట్టరు.