పాఠకుల ప్రశ్నలు: సగటులో కనిపించని మా ఊరి బోరు

ప్రశ్న: మాది మర్రిగూడ మండలం. ప్రభుత్వ పాఠశాలలో భౌతికశాస్త్రం బోధిస్తాను. మా ప్రాంతపు భూగర్భ జలాల్లోని ఫ్లోరైడ్‌పై వెలువడిన ఒక పరిశోధన వ్యాసం చదివాను. అందులో కనిష్ఠం, గరిష్ఠం, సగటు తప్ప ఏ ఊరి బోరులో ఎంత ఉందో లేదు. ఆ అసలు లెక్కలు నాలాంటి వారికి ఇస్తారా? ఎవరిని, ఎలా అడగాలి?

జవాబు: మీరు నిస్సంకోచంగా అడగవచ్చు. మీ ప్రశ్న ఎంత అవసరమైనదో ఒక చిన్న లెక్కతో చెబుతాను. ఒక బోరులో లీటరుకు 0.6 మిల్లీగ్రాములు, పక్క బోరులో 3.0 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంటే సగటు 1.8 అవుతుంది. కానీ ఆ సగటు నీళ్లను ఊళ్లో ఎవరూ తాగరు. మన దేశ తాగునీటి ప్రమాణం ప్రకారం 1.0 మిల్లీగ్రాము వరకు ఆమోదయోగ్యం, వేరే నీటి వసతి లేనప్పుడు 1.5 వరకు అనుమతి ఉంది. కాబట్టి మొదటి బోరు మంచిదే, రెండోది వాడరానిది. నల్లగొండ జిల్లాలో ఫ్లోరోసిస్ వల్ల ఎముకలు వంగిపోయిన మనుషులను చూస్తూ పెరిగిన మనకు ఈ తేడా ఎంతటిదో ఎవరూ చెప్పనక్కరలేదు.

ముందుగా వ్యాసం చివర, కృతజ్ఞతలూ ఉపయుక్త గ్రంథాల జాబితా ఉండే చోట, ‘డేటా లభ్యత’ అనే చిన్న పేరా ఉందేమో చూడండి. ఇప్పుడు చాలా పరిశోధన పత్రికలు దానిని తప్పనిసరి చేశాయి. జెనోడో, డ్రయాడ్, ఫిగ్‌షేర్ వంటి ఆన్‌లైన్ డేటా భాండాగారాల పేరు, దాని పక్కన డీఓఐ (ఆ ఫైలు శాశ్వత గుర్తింపు) సంఖ్య ఉంటే ఎవరి అనుమతీ లేకుండానే సాధారణంగా ఫైలు దించుకోవచ్చు. వ్యాసం వెబ్ పేజీలో అనుబంధ ఫైళ్లు ఉన్నా తెరిచి చూడండి, బోరు వారీ పట్టిక తరచుగా అక్కడే ఉంటుంది. ఆ పరిశోధన ఒక పీహెచ్‌డీలో భాగమైతే, మన విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలను ఉచితంగా అందించే ‘శోధగంగ’లో వెతకండి. వ్యాసంలో స్థలం చాలక వదిలేసిన పట్టికలను సిద్ధాంత గ్రంథంలో పూర్తిగా ఇవ్వడం సర్వసాధారణం.

‘అడిగితే ఇస్తాము’ అని మాత్రమే రాసి ఉంటే కొంత ఓపిక కావాలి. అలా రాసిన 1,792 వ్యాసాల రచయితలను నిజంగానే అడిగి చూసిన ఒక పరిశీలన 2022లో వెలువడింది. వారిలో డేటా ఇచ్చినవారు 122 మందే. అందుకే మీ ఉత్తరం ఎంత స్పష్టంగా ఉంటే అంత మేలు. సంప్రదింపుల కోసం ఈమెయిల్ ఇచ్చిన రచయితకు రాయండి. వ్యాసం పేరు, పట్టిక సంఖ్య, మీకు కావలసిన ఊళ్లు, నమూనా తీసిన నెల, బోరు లోతు, ఆ లెక్కలతో మీరు చేయబోయే పని పేర్కొనండి. ‘మీ డేటా అంతా పంపండి’ అని మాత్రం రాయకండి. రెండు మూడు వారాలు చూసి ఇతర రచయితలకు, ఆ తరువాత పత్రిక సంపాదకుడికి రాయవచ్చు.

ఒక విషయం ప్రత్యేకంగా గుర్తుంచుకోండి. ఇలాంటి కొన్ని అధ్యయనాల్లో నీటి పరీక్షలతోపాటు పిల్లల పళ్ల పరీక్షలూ ఉంటాయి. పిల్లల వివరాలు గోప్యమైనవి, పరిశోధనల మంచిచెడ్డలు చూసే నైతికతా సంఘం అనుమతి లేనిదే ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. నీటి లెక్కలకు మాత్రం సాధారణంగా అలాంటి గోప్యత వర్తించదు. రెండూ కలిపి అడిగితే రెండూ ఆగిపోయే ప్రమాదం ఉంది కాబట్టి నీటి లెక్కలను విడిగా అడగండి.

ప్రభుత్వ సంస్థ చేసిన పరీక్షలైతే, 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టవచ్చు. కేంద్ర సంస్థకు రుసుము 10 రూపాయలు, జవాబుకు సాధారణ గడువు 30 రోజులు. కేంద్ర భూగర్భ జల మండలి తన పరిశీలక బావుల నీటి నాణ్యత వివరాలను స్వయంగా ప్రచురిస్తుంది, దరఖాస్తుకు ముందు అవి చూడండి.

ప్రశ్న: మహబూబ్‌నగర్‌లో డిగ్రీ చదువుతున్నాను. మా జిల్లా ఊళ్లపై అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ సేకరించిన లెక్కలు విద్యార్థులు వాడుకోవచ్చా?

జవాబు: వాడుకోవచ్చు. 1975లో ఇక్రిశాట్ మొదలుపెట్టిన గ్రామ అధ్యయనాల తొలి ఆరు ఊళ్లలో రెండు అప్పటి మహబూబ్‌నగర్ జిల్లావే. దేవరకద్ర దగ్గరి డోకూర్ వాటిలో ఒకటి. సాగు, కూలి, అప్పులు, ఆదాయం వంటి వివరాలను కుటుంబం వారీగా నమోదు చేసిన ఆ లెక్కలు ఇక్రిశాట్ ఆన్‌లైన్ భాండాగారంలో ఉన్నాయి. ముందు ప్రశ్నావళినీ, కోడ్ల వివరణనూ చదివి, ఆ తరువాతే అంకెల ఫైలు తెరవండి. ఏ కాలమ్ దేనిని, ఏ కొలమానంలో చెబుతోందో తెలియకుండా తీసిన సగటు తప్పుదారి పట్టిస్తుంది. మీరు ఆ చుట్టుపక్కల వారే అయితే, పేరుకు బదులు ఇచ్చిన కోడ్ వెనుక ఏ కుటుంబం ఉందో పోల్చుకునే ప్రయత్నం చేయకండి. తమ అప్పుల సంగతి కూడా నమ్మి చెప్పిన రైతుల లెక్కలవి.