ఆ గోగే ఈ గోంగూర

ప్రశ్న: మేడ మీద తొట్లలో వేసిన గోంగూర నా కన్నా ఎత్తు పెరిగి లేత పసుపు పూలు పూసింది. మా తాతగారు పగ్గాలు పేనిన గోగు ఇదేనా? ఇప్పుడు ఆకు తినవచ్చా? నార తీయడం ఎలా? గడ్డలకు, రేచీకటికి మందు అంటారు, నిజమేనా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: పువ్వు రాలాక చూడండి. కాయ చుట్టూ ఎర్రటి, కండగల పుల్లని రేకులు ఉంటే అది పుల్ల గోంగూర. కాయ నూగుతో పొడిగా ఉంటే మీ తాతగారి గోగే. నార రెండింటికీ వస్తుంది; వ్యాపారులు రెండింటినీ మెస్టా అనే అంటారు.

పూతకొచ్చిన మొక్క ఆకు ముదురు. తింటే తప్పు లేదు, రుచే ఉండదు. చివరి చిగుళ్లు మాత్రం తుంచుకోండి. కూరకు పెంచేవాళ్లు తల తుంచి కొమ్మలు వేయిస్తారు. నారకు వేసే రైతు తల ముట్టుకోడు. ఒత్తుగా చల్లి, కొమ్మ లేకుండా నిటారుగా లేపుతాడు. మీ మొక్కలు కొమ్మలు వేసి ఉంటే కొమ్మకొమ్మ దగ్గరా నార తెగుతుంది.

మాది విజయనగరం వైపు పల్లె. దసరా సెలవులు అయి బడి తెరిచేసరికి చెరువు కంపు తరగతి గదిలోకి వచ్చేది. గోగు కట్టలు నానుతున్నాయని అదే చాటింపు. పూత మొదలవగానే కోసి, ఆకు రాలేదాకా చేలో ఉంచేవారు. తర్వాత కట్టలు కట్టి, మొదళ్లలో బెరడు మందం కనుక ముందు వాటినే రెండు మూడు రోజులు నీళ్లలో నిలబెట్టి, ఆపైన కట్టంతా ముంచి బరువు పెట్టేవారు. పది పదిహేను రోజులకు మా నాన్న మోకాళ్లలోతు నీళ్లలో దిగి ఒక కాడ మొదలు విరిచి లాగేవారు. బెరడు కట్టె మీంచి జారి వస్తే సరే. పీచు అంటుకుంటే ఇంకో రెండు రోజులు. ఎక్కువ నానితే నార పుచ్చి పుటుక్కుమంటుంది. కట్టెలు దడికి, పొయ్యికి పోయేవి.

మీరు డ్రమ్ములో చేయవచ్చు, పొరుగింటివారితో సఖ్యంగా ఉంటే. చేపలున్న తొట్టిలో మాత్రం వద్దు. కుళ్లేటప్పుడు నీటిలోని ప్రాణవాయువు హరించుకుపోతుంది.

ఇక మందు. సెగగడ్డ మీద ఆముదం రాసి వెచ్చజేసిన ఆకు కట్టడం మా అమ్మమ్మ చేసేది, కాపడంలా పనిచేస్తుంది. జ్వరం వచ్చినా, ఎరుపు పాకినా ఆకుతో కాలక్షేపం చేయకండి. రేచీకటికి పూలరసం పాలలో కలిపి ఇచ్చేవారు. నేనైతే ఇవ్వను. ఎ విటమిన్ లోపమేమో డాక్టరుకు చూపించాలి. మూత్రపిండాల్లో ఆక్సలేటు రాళ్లు వచ్చినవారు గోంగూర ఎంత తినాలో డాక్టరునే అడగాలి.

విత్తనానికి రెండు మొక్కలు ఉంచండి. ఎండిన కాయల నూగు వేళ్లలో గుచ్చుకుంటుంది. చేతికి గుడ్డ చుట్టుకుని కోయండి.