ప్రీమెడికల్ మాస్టర్స్ చేస్తే పాత జీపీఏ మారుతుందా?

అమెరికా వైద్య కళాశాలల ప్రవేశ పరీక్ష ఎంక్యాట్‌లో 514 వచ్చినా అక్కడ ఇంటర్వ్యూ పిలుపు రాలేదని, వైద్య విద్యకు ముందు చేసే ప్రీమెడికల్ మాస్టర్స్‌తో పాత జీపీఏ (సగటు గ్రేడ్) మారుతుందా అని అడిగారు. అడ్డుపడుతున్నది డిగ్రీలోని 3.1 జీపీఏ (4.0కి) కావచ్చు.

చాలామంది గమనించనిది ఇదే: ఆమ్‌కాస్ (అమెరికా వైద్య కళాశాలలకు ఉమ్మడి దరఖాస్తు విధానం) దరఖాస్తులో డిగ్రీ జీపీఏ, మాస్టర్స్ జీపీఏ విడివిడిగా లెక్కిస్తారు. మాస్టర్స్‌లో 4.0 తెచ్చుకున్నా ఆ 3.1 అలాగే ఉంటుంది. దాన్ని పెంచేవి డిగ్రీ పూర్తయ్యాక చదివే డిగ్రీ స్థాయి కోర్సులే (పోస్ట్‌బ్యాక్). ముందు బయోకెమిస్ట్రీ, ఫిజియాలజీ వంటివి అలా చదవండి. ఖర్చూ సాధారణంగా తక్కువే.

అయినా మాస్టర్సే కావాలంటే:

1. అమెరికాలోని జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయంలో మాదిరిగా మొదటి ఏడాది వైద్య విద్యార్థుల పాఠాలే చదివించే కోర్సు చూసుకోండి. అక్కడ ‘ఏ’ గ్రేడ్లు వస్తే వైద్య విద్య తట్టుకోగలరని వైద్య కళాశాల ప్రవేశాల కమిటీ నమ్ముతుంది. ‘బీ’, ‘సీ’లు వస్తే ఉన్న అవకాశమూ దెబ్బతింటుంది.

2. వైద్య కళాశాలలకు దరఖాస్తులు వేసవి ఆరంభంలోనే పంపాలి, మాస్టర్స్ తరగతులు ఆ తర్వాతే మొదలవుతాయి. గ్రేడ్లు చేతికొచ్చాకే, మరుసటి ఏడాది దరఖాస్తు చేయండి.